లారీలు ఎటు తిరిగాయి

మా పై ఫ్లాటు వాళ్ళు ఆదివారం పొద్దున్నే వాక్యూమ్ క్లీనర్ వేస్తారు. గుయ్యిమంటూ ఎడతెగకుండా సాగే ఆ మోత చెవిన పడగానే నా కళ్ళు వాటంతటవే గడియారం మీదికి పోతాయి. ఎన్నింటికి మొదలైంది, గాలి ఎటు నుంచి వీస్తోంది, నేల తడిగా ఉందా పొడిగా ఉందా... ఇవన్నీ వరసగా బుర్రలోకి వచ్చేస్తాయి. చేతిలో కాఫీ చల్లారిపోతుంది. మా ఆయన పేపరులోంచి తలెత్తి "మళ్ళీ రూతు గారొచ్చారా?" అంటాడు. ఆయనకది వేళాకోళం. నేను మాత్రం లేచి పెన్ను వెతుక్కుంటాను. రాయాల్సింది ఎక్కడో రాయకుండా వదిలేశానేమోనన్న భయం ఇన్నేళ్ళయినా పోలేదు.

రూతు గారు నా మొదటి ఉద్యోగంలో నా పైఅధికారి. విజయవాడలో ఒక ప్రైవేటు ల్యాబు మాది. గాలిలో దుమ్మెంత, రోడ్డు మీద మోతెంత, బండి పొగెంత అని కొలిచి రిపోర్టులిచ్చేవాళ్ళం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పాసై, ఏసీ గదిలో తెల్లకోటు వేసుకుని కూర్చుంటానని కలలుగన్న నన్ను మొదటిరోజే ఫీల్డుకి తోలారు. ఆవిడకి అప్పటికే యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్న నేతచీర, మెడలో సన్నటి సిలువ, భుజాన టిఫిన్ క్యారియర్ సంచి. నన్ను పైనుంచి కిందికి చూసి "ఆ చెప్పులు కాలవగట్టు మీద నడవవమ్మా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ చెప్పులు నేను ఉద్యోగం కోసమే కొనుక్కున్నాను.

మా మొదటి పేచీ బస్సు దగ్గర వచ్చింది. దుమ్ము పీల్చే మిషను ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. నాలుగు కాళ్ళ డబ్బా, దానికి పైన రేకు కప్పు, కప్పు కింద తెల్లటి కాగితం. మిషను వాక్యూమ్ క్లీనర్‌లా గుయ్యిమంటూ గాలిని పీలుస్తుంటే దుమ్ము ఆ కాగితం మీద పడుతుంది. ముందూ వెనకా కాగితాన్ని తూకం వేస్తే దుమ్మెంతో తెలుస్తుంది. ల్యాబుకి కారుంది. అయినా ఆవిడ ఆ మిషనుని బస్టాండుకి చేర్చి ఆర్డినరీ బస్సులోకి ఎక్కించేవారు. ఆ రోజు కండక్టరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "ఏందండీ ఇది, బీరువానా? నా బస్సులో మనుషులెక్కాలా, మీ సామానెక్కాలా?"

"గాలి కొలిచే మిషను నాయనా. కాస్త ఆ బానెట్ పక్కన సర్దు, నీకు పుణ్యముంటది."

సీట్లో కూర్చున్నాక నేను ఊరుకోలేకపోయాను. "కారుండగా మనకీ అవస్థేంటండీ?"

"పొగ కొలవటానికి పొగ వదులుకుంటా పోతామా? ఈ బస్సు మనం ఎక్కినా పోయిద్ది, ఎక్కకపోయినా పోయిద్ది. కారు మన కోసమే కదా బయలుదేరేది."

"మనిద్దరం మానేస్తే లోకం బాగుపడిద్దా మేడం?"

"లోకం సంగతి నాకు తెలీదు. సిగ్గనేది ఒకటుంటది కదా" అని కళ్ళు మూసుకున్నారు. ఉయ్యూరు దాటేదాకా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆవిడకి ఇంకో జాడ్యం ఉండేది. ఏ వస్తువు కంటపడినా "ఇది ఎట్టా వచ్చింది?" అని అడిగేవారు. హోటల్లో అరిటాకు వేస్తే సర్వరుని అడిగేవారు. సైకిలు మీద వచ్చిందంటే మొహం విప్పారేది. లారీలో వచ్చిందంటే ఎంత దూరం నుంచి, తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోతుందా అని ఆరా తీసేవారు. అందరూ వింతగా చూస్తుంటే నేను సెల్‌ఫోనులో తల దూర్చేదాన్ని. ఒకసారి బందరు కాలవ పక్కన బస్సు ఆగినప్పుడు, వాళ్ళ తాత ఆ కాలవలో పడవ లాగేవాడని చెప్పారు. గట్టు మీద నడుస్తూ, భుజాన తాడు వేసుకుని, ధాన్యం బస్తాల పడవని బెజవాడ దాకా లాగేవాడట. నేను వెంటనే అందుకున్నాను. "అబ్బ, ఎంత బావుండేదో కదండీ! పొగా లేదు, మోతా లేదు."

ఆవిడ నా వంక అదోలా చూశారు. "మా తాత భుజం మీద తాడు కోసిన గాడి ఉండేది, ఇంత లోతున. స్నానం చేస్తుంటే అందులో నీళ్ళు నిలిచేవి. పొగ లేదు, నిజమే. మనిషి అరిగిపోయాడు. ఏ బండీ ఊరికే నడవదమ్మా. ఎక్కడో ఎవరిదో అరుగుద్ది. ఎవరిదో చూడటమే మన పని."

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. పెద్దవాళ్ళు అలాగే మాట్లాడతారులే అనుకున్నాను.

అసలు సంగతి జరిగింది చల్లపల్లి దాటాక కాలవగట్టు మీదున్న ఒక ఊళ్ళో. పేరు చెప్పను. ఇళ్ళ ముంగిళ్ళకీ కాలవకీ మధ్య మట్టిరోడ్డు. పొద్దు పొడిచింది మొదలు దాని మీద ఏటి ఇసుక లారీలు. లారీలని చేపల చెరువుల మధ్య నుంచి పోయే చుట్టు రోడ్డుకి మళ్ళించమని ఊరివాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. చుట్టు తిరిగితే డీజిలు ఎక్కువ కాలుతుంది, పొగ ఎక్కువొస్తుంది, అసలు గట్టు మీద అంత దుమ్మే లేదు అన్నాడు ఇసుక కాంట్రాక్టరు. పెద్ద ఆఫీసరు గారు మూడు రోజులు దుమ్ము కొలవమన్నారు. ఆ కాగితం చూసి సోమవారం మీటింగులో తేలుస్తామన్నారు. కొలిచే పని మా ల్యాబుకొచ్చింది.

మిషనుని మంగమ్మ గారనే ఆవిడ వాకిట్లో పెట్టాం. ఆవిడ మనవరాలు శిరీషకి తొమ్మిదేళ్ళు, ఆయాసం. కిటికీలకి తడిగుడ్డలు కట్టి పిల్లని లోపలే ఉంచేవారు. మిషను మోత విని ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చి, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో ముక్కా కూడదీసుకుని అడిగింది: "అక్కా, ఇది... నా బదులు... పీలుస్తదా?"

"ఆఁ, నువ్వు హాయిగా పడుకో, నీ బదులు ఇదే పీలుస్తుంది" అన్నాను నవ్వుతూ. రూతు గారు నవ్వలేదు. "డీజిలు ఎక్కువ కాలుద్దన్న మాట అబద్ధం కాదు" అన్నారు నాతో. "కానీ పొగెంతొచ్చిందనేది ఒకటి, ఎవరి ముక్కులోకి పోయిందనేది ఒకటి." మర్నాటి నుంచి ఆవిడకి గన్నవరంలో మోత కొలిచే పని ఉంది. వెళ్తూ వెళ్తూ ఫారం నా చేతిలో పెట్టారు. "ఏం జరిగినా రాయి. కుక్క తుమ్మినా రాయి."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. మొదటిసారి ఒంటరిగా పని అప్పజెప్పారు కదా, నన్ను పట్టేవాళ్ళు లేరు. గడియారం చూడటం, మీటరు అంకె రాయడం, మళ్ళీ గడియారం చూడటం. తెల్లారేసరికి మంగమ్మ గారు వాకిలంతా పేడనీళ్ళతో కళ్ళాపి చల్లి, మిషను చుట్టూ పద్మాల ముగ్గేసి, దాని నాలుగు కాళ్ళకీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. "ఆఫీసరమ్మ మా వాకిట్లో కూచుంటే మట్టి కొట్టుకుపోనిస్తామా?" అని ఆవిడ అంటే, ఎదురింటివాళ్ళూ పక్కింటివాళ్ళూ మేం మాత్రం తీసిపోయామా అని బిందెలు తీశారు. పొద్దునా, మధ్యాహ్నమూ, సాయంత్రమూ వీధి పొడుగునా నీళ్ళే. మూడు రోజులూ అదే మర్యాద. నేనేం చేశాను? "ఎంత శుభ్రంగా ఉందండీ!" అని మెచ్చుకుని, ముగ్గు మధ్యలో మిషనుని ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టుకున్నాను. ఆవిడ వేసిన పెసరట్లు తిన్నాను. ఫారంలో నేల ఎలా ఉందో రాసే గడిలో, పాత ఫారం చూసి, మూడు రోజులూ "పొడి" అని దింపి సంతకం పెట్టాను.

శుక్రవారం ల్యాబులో కాగితాలు తూకం వేశాం. ల్యాబు డైరెక్టరు గారు అంకెలు తక్కువగా ఉండటం చూసి సంబరపడ్డారు. కాంట్రాక్టరు ఆయనకి పాత పరిచయం. రూతు గారు ఒక కాగితం పట్టకారుతో ఎత్తి కిటికీ వెలుతురులో పట్టుకున్నారు. చాలాసేపు చూశారు. "ఇది గట్టు మీద కాగితం కాదే. ఆస్పత్రిలో పెట్టిన కాగితంలా ఉంది. ఏం జరిగిందక్కడ?"

"ఏం జరగలేదండీ. బాగా చూసుకున్నారు" అని ఫోను తీసి ఫోటో చూపించాను. గర్వంగానే చూపించాను, ఖర్మ. ఆవిడ వేలితో ఫోటో పెద్దది చేశారు. తడిసి నల్లబడ్డ నేల, తెల్లటి ముగ్గు, వెనకాల నీళ్ళ బిందె. తర్వాత నా ఫారం తీసి "పొడి" అన్న మాట మీద వేలు పెట్టారు. నా చెవులు వేడెక్కిపోయాయి. ఆ పిల్ల బదులు పీలుస్తుందని నేను చెప్పిన మిషను మూడు రోజులూ తడినేల మీద కూర్చుని శుభ్రమైన గాలి పీల్చిందని అప్పుడర్థమైంది.

డైరెక్టరు గారు తేలిగ్గా తీసేశారు. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ రూతు గారూ? మిషను అబద్ధం చెప్పదు. ఉన్నది ఉన్నట్టు పంపించేద్దాం."

"మిషను చెప్పదండీ. ఈ ఫారం చెప్తోంది" అన్నారావిడ. "ఈ పిల్ల దిద్దితే నేను మళ్ళీ కొలిచి సంతకం పెడతాను. దిద్దకపోతే పెట్టను."

"దిద్దితే తప్పుడు రిపోర్టు రాసినట్టు ఒప్పుకున్నట్టే. ఒప్పుకున్నవాళ్ళని ల్యాబులో ఉంచుకోలేను, అది గుర్తుపెట్టుకో" అని ఆయన నాకేసి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

నేను రూతు గారి మీద విరుచుకుపడ్డాను. "మీరే దిద్దెయ్యండి మేడం! ఇన్‌చార్జి మీరు కదా. నా ఉద్యోగం పోతే మీరు ఇప్పిస్తారా?"

"నేను దిద్దను. సంతకం నీది" అన్నారు. కోపంగా కూడా అనలేదు. దానికే నాకు మరీ మండింది. ఆవిడ కుర్చీ జరుపుకుని తన టిఫిన్ క్యారియర్ విప్పి పెరుగన్నం తినసాగారు. పావుగంట పట్టింది ఆవిడ తినడానికి. ఆ పావుగంటా నేను ఆ ఫారం ముందు కూర్చున్నాను. నాన్న చేపల వేలంపాట దగ్గర గంపలెత్తి నన్ను చదివించాడు, ఆయనకేం చెప్పాలి? నిజం చెప్తున్నాను, నాకు ధర్మమూ గిర్మమూ ఏమీ గుర్తు రాలేదు. ఆ పిల్ల ముక్కలు ముక్కలుగా అడిగిన ప్రశ్న ఒక్కటే చెవిలో తిరిగింది, దాన్ని వదిలించుకోలేకపోయాను. మూడు చోట్లా "పొడి" కొట్టేసి, "రోజుకి మూడుసార్లు నీళ్ళు చల్లారు, నేను రాయలేదు" అని రాసి సంతకం పెట్టాను.

శనివారం మొదటి బస్సుకే మళ్ళీ ఆ ఊరు వెళ్ళాం. ఒక్క రోజైనా పొడినేల మీద కొలవాలి. విషయం చెప్పగానే మంగమ్మ గారు బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. "అయ్యో రాత! వాకిట్లో నీళ్ళు చల్లకుండా, ముగ్గెయ్యకుండా ఎట్టాగండీ? ఇంట్లో ఎవురో పోయినట్టు! లోపల పిల్ల ఊపిరందక కొట్టుకుంటంటే వాకిలి పాడుబెట్టమంటారా? నోటితో అనొచ్చా ఆ మాట?"

అదంతా మూఢనమ్మకమని నేను నోరు తెరవబోయాను. రూతు గారు నా చెయ్యి నొక్కి, అరుగు మీద ఆవిడ పక్కన కూర్చున్నారు. "వద్దనే హక్కు నాకు లేదండీ. చల్లితే ఏం రాస్తానో, చల్లకపోతే ఏం రాస్తానో చెప్పటానికొచ్చాను. చల్లితే మాత్రం చల్లారని రాస్తాను. లారీల వాళ్ళు దాన్నే పట్టుకుంటారు."

మంగమ్మ గారు నా వైపు తిరిగారు. "ఆ రోజే చెప్పకపోయావా అమ్మా? మూడు రోజులు నా ఇంట్లో తిన్నావుగా."

ఆవిడ లేచి ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చారు. పిల్లని ఈ ఒక్కరోజూ ఇంకెక్కడికైనా పంపమని రూతు గారు బతిమాలారు. కూచిపూడిలో చెల్లెలుంది, అటు రోజుకి ఒక్కటే బస్సు, ఇవాళ్టిది పోయింది, రేపు తొమ్మిదింటి బస్సుకి పంపుతానన్నారు మంగమ్మ గారు. పొద్దున చల్లిన తడి ఆరాక పది గంటలకి మిషను వేశాం. మర్నాడు పదింటిదాకా నడవాలి.

ఆదివారం తెల్లారింది. వీధిలో ఒక్క వాకిలి తడవలేదు. ఒక్క ముగ్గు లేదు. ఆడవాళ్ళు గుమ్మాల్లో చేతులు కట్టుకుని నిలబడ్డారు. సైకిలు మీద పోతున్న పాలమనిషి దిగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "ఎవురు పోయారమ్మా?" అని అడిగాడు. మంగమ్మ గారు జవాబు చెప్పకుండా లోపలికెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది. ఆరు దాటాక లారీలు మొదలయ్యాయి. ఒకటి పోయి దుమ్ము దిగేలోపు ఇంకొకటి. ఎదురిల్లు కనపడటం మానేసింది.

ఎనిమిదింటికి లోపలి నుంచి కేక వినిపించింది. శిరీష పెదాలు నీలం తిరిగాయి. పీల్చే మందు అయిపోయింది. ఆటో కోసం ఎవరో పరిగెత్తారు, ఆదివారం ఒక్కటీ దొరకలేదు. మంగమ్మ గారు పిల్లని ఎత్తుకుని రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు. వస్తున్న ఇసుక లారీ కీచుమని ఆగింది. డ్రైవరు ఒక్క క్షణం చూసి తలుపు తీశాడు. "ఎక్కండమ్మా, ఎక్కండి. చల్లపల్లి పావుగంట."

"నువ్వు కూడా వెళ్ళు" అన్నారు రూతు గారు నాతో.

"మీరు?"

"ఇంకా రెండు గంటలుంది."

"మీకు పిల్ల ముఖ్యమా, కాగితం ముఖ్యమా?" అని వీధందరి ముందూ అరిచాను. ఆవిడ నన్ను లారీ వైపు తోశారు. అద్దంలో వెనక్కి చూస్తే, మేం లేపిన దుమ్ములోనే, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మిషను పక్కన నిలబడి ఉన్నారు. ఆ క్షణంలో ఆవిడంటే నాకు అసహ్యం వేసింది. డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తియ్యకుండా "నేను మాత్రం ఎక్కడున్నానండీ? పొద్దస్తమానం ఈ దుమ్ములోనేగా" అన్నాడు. అతనూ దగ్గుతూనే ఉన్నాడు. ఆస్పత్రిలో ఆక్సిజన్ గొట్టం పెట్టిన అరగంటకి పిల్ల పెదాల రంగు తిరిగొచ్చింది. మంగమ్మ గారు నా భుజం మీద తల పెట్టి ఏడ్చారు, నన్ను తిట్టలేదు.

నేను తిరిగొచ్చేసరికి రూతు గారు మిషను కట్టేసి అరుగు మీద కూర్చుని ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పిల్లెట్టా ఉంది?" అన్నారు ముందు. బాగుందన్నాక కొంగుతో మొహం తుడుచుకున్నారు, కొంగంతా మట్టిరంగయింది. "నేనొస్తే ఆ పిల్లకి ఊపిరి రాదు కదా. ఇక్కడుంటే రేపటి నుంచైనా వస్తదేమోనని ఉన్నా" అన్నారు. ఏ ఆదివారమూ చర్చి మానని మనిషి ఆ రోజు మానేశారని నాకు బస్సెక్కాక గానీ గుర్తు రాలేదు. డబ్బాలో కాగితం ఇటుకరంగు తిరిగి ఉంది. ఫారంలో ఆవిడ దస్తూరీ: "నేల పొడి. ఎనిమిది గంటలకు ఇంటి పాపకు ఆయాసం. లారీలో ఆస్పత్రికి." ఆవిడ ఏదీ వదల్లేదు.

సోమవారం నాలుగు రోజుల కాగితాలూ, నా కొట్టివేతలతో సహా, ఆఫీసరు గారి ముందుకెళ్ళాయి. లారీలు చుట్టు రోడ్డున పోవాలని తేల్చారు. ఊరివాళ్ళు మాకు మిఠాయి పంచారు. సాయంత్రం డైరెక్టరు గారు నన్ను పిలిచి, అన్న మాట ప్రకారం రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. అయినా నాకు ఒళ్ళు తేలిపోతున్నట్టుంది. "గెలిచాం మేడం!" అన్నాను బయటికొచ్చి.

"లారీలు ఆగినయ్యా, తిరిగినయ్యా?"

"తిరిగాయండి."

"అటు ఎవరున్నారు?"

నాకు తెలీదు. ఎవరూ అడగలేదు, ఊరివాళ్ళు అడగలేదు, ఆఫీసరు గారు అడగలేదు. మరుసటి వారం ఇద్దరం వెళ్ళాం. చుట్టు రోడ్డు పక్క చెరువు గట్టున కాపలావాళ్ళ పాకలు మూడున్నాయి. ఒకావిడ వలలు ఆరబెడుతోంది. మమ్మల్ని చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకునే, "గట్టు మీద కొలిచిన మేడమ్మలు మీరేనా? మా కాడికీ తెచ్చారా మిషను?" అని అడిగింది. మా ఇద్దరి చేతులూ ఖాళీ. "తేలేదమ్మా. తెస్తాం" అన్నారు రూతు గారు.

అక్కడా కొలుద్దామని రూతు గారు డైరెక్టరు గారిని ఎన్నిసార్లు అడిగారో నాకు తెలుసు. కొలవమని ఎవరూ అర్జీ పెట్టలేదు కదా అనేవారట. నాకు మాత్రం ఇంకో ల్యాబులో పని ఇప్పించారు. ఏం చెప్పి ఇప్పించారంటే, "రాయాల్సింది రాయలేదు, తర్వాత కొట్టేసి రాసింది, రెండూ చెప్పాను" అన్నారు. తర్వాత రిటైరయ్యారు. పోయిన ఏడాది పోయారు. ఇప్పుడు నా దగ్గర ముగ్గురమ్మాయిలు పని చేస్తున్నారు. ఎక్కడ కొలవమన్నా ముందు నేనడిగేది ఇదే: ఇక్కడ వద్దంటే ఆ బండ్లు ఎటు పోతాయి, అక్కడెవరున్నారు, వాళ్ళ దగ్గర పెట్టొచ్చారా మిషను? వాళ్ళు విసుక్కుంటారు. చాదస్తం అనుకుంటారని నాకు తెలుసు, ఒకప్పుడు నేనూ అనుకున్నాను.

ఇన్‌చార్జినైన మొదటి నెలలోనే, ఎవరూ అడగకుండానే, కండక్టరు ఓ చెయ్యి వేస్తే ఒక మిషను బస్సులో వేసుకుని ఆ చెరువుల వైపు వెళ్ళాను. చల్లపల్లిలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. అప్పటికి ఆరేళ్ళయింది. రోడ్డు అదే, లారీలు అవే. పాకలు లేవు. ఆ మనుషులు ఎటు పోయారో చెప్పేవాళ్ళు లేరు. ఆటో అతను ఇంజను ఆపకుండా, "ఎక్కడ దించమంటారు మేడం?" అని అడిగాడు. చూపిద్దామంటే ఆ గట్టు మీద ఇల్లన్నది ఒక్కటీ లేదు.